గింజ చల్లినా వేటే!

హైదరాబాద్ నుంచి కర్నూలు వెళ్తూ బీచుపల్లి దగ్గర కృష్ణ దాటితే నడిగడ్డ. అక్కడి ఇటిక్యాల పొలాల్లో కోతలయ్యాక రాలిన గింజల కోసం గువ్వలు జతలు జతలుగా వాలతాయి.

'నాలుగు నూకలు చల్లి వల పన్నితే పోలా' అనుకుంటున్నారా... ఆగండి! 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దృష్టిలో తుపాకీ పేల్చడమే కాదు, ఉచ్చు పెట్టినా, పట్టేందుకు ఎర వేసినా వేటే. గువ్వ చిక్కకపోయినా ఆ ప్రయత్నమే నేరం.

అమెరికాలో లైసెన్సు ఉంటే సీజన్‌లో గువ్వల్ని వేటాడొచ్చు. అక్కడ కూడా పొలంలో పండిన పొద్దుతిరుగుడును కోసి రాల్చితే సరేగానీ, బయటి గింజలు తెచ్చిపోసి కాల్చడం నేరమే.

మరి ఇటిక్యాలలో గువ్వల్ని పిలిచే దారేంటి? గట్టుమీది తుమ్మచెట్టును వాటి గూళ్లకు వదిలేయడం, ఎండాకాలం మూకుడులో నీళ్లుంచడం. చేతికి చిక్కవు కానీ, తెల్లారేసరికి ఆ కువకువలు మాత్రం మీవే!