సిపాయి పెండ్లి

వంశమూలమును వెదకబూనినవాడు మొదట ఆశపడునది రాజబంధువు గాని, అధమపక్షమొక దుర్గాధిపతి గాని మూలపురుషుడుగా దొరకవలెననియే. కెనడాలోని క్యూబెక్ సీమయందలి ఫ్రెంచి సంతతివారికిని ఈ చాపల్యము తక్కువది కాదు. అచటి దస్త్రములు మాత్రము ఈ విషయమున దయాదాక్షిణ్యములు లేనివి. మూడువందల యేండ్ల వెనుకకు నడచినవానికి అవి తఱచుగా చూపునది చేవ్రాలైన చేయనేరని యొక సామాన్య సిపాయిని.

1665వ సంవత్సరమున పదునాలుగవ లూయీ, ఇరోక్వా అను ఆదివాసి జాతులను అణచుటకై, కారిన్యాన్-సాలియేర్ అను పటాలమును సెంట్ లారెన్స్ నదీతీరమందలి తన వలసరాజ్యమునకు పంపెను. వచ్చినవారు ఇంచుమించు 1,200 మంది. మఱుసటియేట శరత్కాలమున ఆ సేన ఇరోక్వాలలోని మోహాక్ జాతివారి గ్రామములను, వారు కూడబెట్టిన మొక్కజొన్నను తగులబెట్టినది. 1667లో సంధి కుదిరినది. 1668లో పటాలము స్వదేశమునకు మరలినది. మరలునపుడు, నేల యిత్తుము, ఇచటనే నిలువుడని అధికారులు ఆశ చూపగా, దాదాపు 400 మంది నిలిచిపోయిరి. నాయకులకు రిషెల్యూ, సెంట్ లారెన్స్ నదుల పొడవున జాగీరులు లభించినవి. సోరెల్, షాంబ్లీ, కోంత్రకేర్ అను వారి పేళ్లు నేటికిని ఊళ్ల పేళ్లై యున్నవి. రిషెల్యూ నదిని పూర్వము ఫ్రెంచివారే ఇరోక్వాల నదియని పిలిచెడివారు గాని, జాగీరు పట్టాలలో ఆ ప్రసక్తికి చోటు దొరకలేదు.

నాయకుని జాడ భూపటము మీదనే కలదు గనుక వానికై శ్రమింపనక్కరలేదు. శ్రమయంతయు వాని వెనుక తుపాకి మోసినవానిని పట్టుకొనుటలోనే. పటాలమున చేరిన భటునకు ఒక మాఱుపేరు తగులుకొనెడిది. ఒకడు లాఫ్లెర్, అనగా పువ్వు. ఒకడు సాన్-సూసీ, అనగా నిశ్చింతుడు. ఒక్క పటాలమున తోటకు చాలినన్ని పువ్వులుండుట వింత గాదు. పటాలము పోయినను ఆ పేరు పోక, పొలమునకును పడకటింటికిని వెంటవచ్చి, ఒక కాగితమున అసలుపేరుగను, వేఱొకదానియందు మాఱుపేరుగను కనబడి, తుదకు అన్నదమ్ములలో ఒకనికి అదియు మఱియొకనికి ఇదియు ఇంటిపేరై, ఒకే వంశమును రెండుగా చీల్చి, వెదకువానిని తికమక పెట్టుచుండును.

ఈ ముడిని విప్పునది పెండ్లి. గుడిలో గురువు వ్రాసిన వివాహలేఖలో వరుని తల్లిదండ్రుల పేళ్లును, ఫ్రాన్సున వాడు పుట్టిన గ్రామమును సాధారణముగా నుండును. నోటరీ వ్రాసిన ఒడంబడికలో సాక్షులు, ఆస్తి, సంతకము రాదను అంగీకారము కూడ నుండును. వధువు పెండ్లి తరువాతను దస్త్రములలో పుట్టింటి పేరుతోనే నిలుచును. ఇంతటి మేలు పరిశోధకునకు తక్కిన దేశముల దస్త్రములు అరుదుగా చేయును. ఆడువారు కొఱవడిన ఆ సీమకు, 1663 మొదలు 1673 వఱకు, రాజు తన ఖర్చుతో దాదాపు 770 మంది స్త్రీలను పంపియుండనిచో, ఈ భటులలో ఎందఱికో వంశమే లేకపోయెడిది. బ్రహ్మచారిగా చచ్చినవాని కన్నవారెవరో చెప్పు కాగితము మాత్రము దుర్లభము.

ఫ్రాన్స్వా సెగెన్ అనువానిని చూడుడు. పికార్డీ దేశమున బోవే నగర సమీపమందలి సేంతోబేన్ అను పల్లెలో 1644లో పుట్టెను; వృత్తి నేత; మాఱుపేరు లాదెరూత్, అనగా యుద్ధమున చెల్లాచెదరగుట! ఒక సిపాయికి ఇంతటి పరిహాసనామమును తగిలించినవాడెవడో రసికుడే. 1672లో బూషెర్వీల్ గ్రామమున, రాజు పంపిన వధువులలో నొకతెయైన జాన్ పెతీని వివాహమాడెను. ఆమె లారొషేల్ రేవుపట్టణపు పిల్ల. నేడు ఉత్తర అమెరికాయందు సెగెన్ అను ఇంటిపేరు గల కుటుంబములు పెక్కు ఈ నేతగాని సంతతియే. నా మట్టుకు, దుర్గాధిపతికంటె ఈతడే నచ్చినాడు.

ఇట్టి లేఖలనన్నిటిని కూర్చి, సిప్రియేన్ తాంగే అను మతగురువు 1871 మొదలు 1890 వఱకు ఏడు సంపుటములుగా ఒక వంశనిఘంటువును ప్రకటించెను. తొలి సంపుటము వెలువడిన ఆ 1871లోనే, మే మాసమున, పారిసు నగరమున అంతఃకలహాగ్ని రేగి, పురమందిరమందలి జననమరణ గ్రంథములును, న్యాయభవనమున వేఱుగా భద్రపఱచిన వాని జంటప్రతులును రెండును దగ్ధమైనవి. అందుచే పికార్డీ పల్లెలో పుట్టిన సిపాయి తల్లిదండ్రులను చేరుటకు నేటికిని త్రోవ కలదు. రాజధానిలో పుట్టి వానివంటివానిని చేపట్టిన ఇల్లాలి పూర్వులకై పోవువానికి మాత్రము త్రోవ తఱచుగా ఆమె వివాహలేఖ కడనే ఆగిపోవును.