మరలివచ్చిన కన్యస్త్రీలు

ఇల్లు వెడలునపుడు "పోయెదను" అనుట మన తెలుగువారికి సమ్మతము కాదు. "పోయివచ్చెదను" అనియే అనవలెను. ఇది శకునభయమువలన బుట్టిన మాట యని కొందఱందురు. కొరియా దేశమున సేవచేసిన మేరినోల్ కన్యస్త్రీల చరిత్రమును తలంచునపుడెల్ల, అందొక గొప్ప బాధ్యత యిమిడియున్నదని నాకు తోచుచుండును.

అమెరికాలో 1912వ సంవత్సరమున స్థాపింపబడిన యీ సభవారు 1924లో కొరియాకు పోయి, ఆ దేశపు ఉత్తరభాగమున పని యారంభించిరి. 1931లో వారిని జేరిన సిస్టర్ మెర్సీ హిర్ష్‌బెక్ గారు వైద్యవిద్యయందు పట్టభద్రురాలు. చైనా సరిహద్దున, యాలూ నది యొడ్డునగల సినూయిజు పట్టణమున ఆమె రోగులకు శుశ్రూష చేసిరి. 1940లో ఆమె ఆ ప్రదేశమును విడువవలసివచ్చెను. మరుసటి సంవత్సరము జపానుకును అమెరికాకును యుద్ధము సంభవింపగా, కొరియాలో మిగిలియున్న అమెరికా మిషనరీలు నిర్బంధింపబడి, 1942లో దేశమునుండి పంపివేయబడిరి. 1945లో యుద్ధము ముగిసెనుగాని వారి త్రోవ తెఱవబడలేదు. 38వ అక్షాంశరేఖయొద్ద దేశము రెండుగా చీలెను. సినూయిజు ఉత్తరభాగమున నిలిచిపోయెను.

ఈ నడుమ సిస్టర్ మెర్సీగారు 1943 మొదలు దక్షిణ అమెరికాయందలి బొలీవియాలో, రిబెరాల్టా అను అడవిసీమలో వైద్యసేవ చేసిరి. 1950 జూను 25న కొరియాలో యుద్ధము ప్రారంభమయ్యెను. 1951లో ఆమె మరల ఆ దేశమునకు పంపబడిరి. అప్పటికి దక్షిణపు కొనయందలి బుసాన్ రేవుపట్టణము కాందిశీకులతో క్రిక్కిఱిసియుండెను. మేరినోల్ వైద్యశాల వాకిట తెల్లవారకమునుపే రోగులు బారులు తీర్చిరి. ఒక్కొక్క దినమున 2,000 మందివరకు చికిత్స పొందిరట!

ఇచ్చట నాకొక సందేహము కలుగును. ఆమె విడిచిన పట్టణము ఉత్తరపు టంచున నున్నది. చేరిన పట్టణము దక్షిణపు కొనయందున్నది. దీనిని మరలివచ్చుట యనవచ్చునా? అనవచ్చుననియే నా యభిప్రాయము. ఊరు కదలలేదుగాని జనులు కదలివచ్చిరి. ఆ కాందిశీకులలో ఉత్తరమునుండి నడచివచ్చినవా రనేకులు. వారి భాషయు, వారి మర్యాదలును ఆమె యెఱిగినవే. మన్నుతోగాక మనుష్యులతో పెట్టుకొనిన చుట్టఱికమునకు ఏ సరిహద్దును అడ్డుగాజాలదు.

అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. వెళ్లినవారు మరల రావలసివచ్చినచో, వారు ముందు చేసిన పని గట్టిది కాదనియా యర్థము? ఈ ప్రశ్నకు సిస్టర్ ఆగ్నెటా చాంగ్ గారి జీవితమే ప్రత్యుత్తరమని నేను నమ్ముచున్నాను. ఆమె కొరియా దేశీయురాలు. మేరినోల్ సభయందు చేరిన కన్యస్త్రీ. 1932లో ప్యోంగ్యాంగ్‌లో స్థాపింపబడిన నిత్యసహాయమాత కన్యస్త్రీల సభను, తోడివారు దేశమునుండి పంపివేయబడిన పిమ్మట, ఆమెయే కాపాడుచు వచ్చిరి. వ్యాధిగ్రస్తురాలైయుండగనే 1950 అక్టోబరు 4న ఆమెను కొనిపోయి చంపిరి. ఆమె పెంచిన సభ మాత్రము చావలేదు. వారిలో పలువురు దక్షిణమునకు చేరి, సభను మరల నిలువబెట్టిరి. వెళ్లినవారు నాటిన విత్తనము, వారు లేనప్పుడే వేరూనినదని దీనివలన తెలియుచున్నది. మరలివచ్చినవారు శూన్యములోనికి రాలేదు. నిలిచినవారి యింటికి వచ్చిరి.

మన దేశములోను ఇట్టి నిష్ఠ మఱియొక రూపమున కానవచ్చును. ఆస్ట్రేలియానుండి 1920లో మన గుంటూరునకు వచ్చిన డాక్టర్ మేరీ గ్లౌరీ గారు తిరిగి స్వదేశమునకు పోలేదు. 1943లో కథోలిక వైద్యశాలల సంఘమునకు పునాది వేసి, 1957లో బెంగుళూరున కన్నుమూసిరి. ఒకరు మరలివచ్చుటచేతను, ఒకరు మరలిపోకుండుటచేతను, మఱియొకరు ఉన్నచోటనే ప్రాణమర్పించుటచేతను ఒక్క ప్రేమనే వెల్లడించిరి.

బుసాన్‌లోని ఆ వైద్యశాల పెరిగి పెద్ద ఆసుపత్రియై, నేడు ఆ పట్టణపు పీఠమువారి యాజమాన్యమున నడచుచున్నది. స్థాపించినవారి చేతినుండి దేశీయుల చేతికి పని జారుట నష్టము కాదు, ఫలమే.

ప్రియ విద్యార్థులారా! మనలో అనేకులు చదువునకై పల్లెలు విడిచి వచ్చినవారము. ఇంకను దూరము పోగలవారము. ఎన్నడైన ఉపకారము చేయ నెంచి మన యూరికి మరలినయెడల, "మీకేమి కొఱత?" యని యడుగుటకు ముందు, "మేము లేనప్పుడు ఇచ్చట దీపము నిలిపినదెవరు?" అని యడుగుదము గాక. వారి ప్రక్కను నిలిచి పనిచేయుటయే మనకు తగిన వినయము.