ఐదు సెకన్ల దూరం

డల్లాస్‌లో ఉండే మనవాళ్లకి లాంగ్ వీకెండ్ వస్తే దారులు మూడే. ఆస్టిన్, హ్యూస్టన్ మీనాక్షి గుడి, గాల్వెస్టన్ బీచ్. ఈసారి మా రూమ్మేట్ మూడూ వద్దన్నాడు. "మావా, ఒకే ఒక్క షాట్. 1874లో. 1,538 గజాలు! ఆ ప్లేస్‌కి పోదాం, రీల్ పేలిపోద్ది" అన్నాడు. వాడిది గుంటూరు, ఫోన్ గేముల్లో పెద్ద స్నైపర్. నాది వరంగల్. ఇద్దరిలో నిజం తుపాకి పట్టుకుంది నేనే. అదీ డిగ్రీలో, ఎన్‌సీసీ క్యాంపులో, పాయింట్ టూ టూ రైఫిల్‌తో ఐదంటే ఐదు రౌండ్లు.

అమరిల్లో దాకా ఆరు గంటల డ్రైవింగ్. అక్కణ్నుంచి ఉత్తరానికి స్టిన్నెట్ అనే చిన్న ఊరు. అది దాటాక మట్టిరోడ్డు. సిగ్నల్ పోయింది, మ్యాప్ ఆగిపోయింది. కనేడియన్ నది లోయ, గడ్డి, కంచెలు, బోలెడంత ఆకాశం. మేం వెతుక్కుంటూ వచ్చిన చోటు పేరు అడోబీ వాల్స్. అంటే మట్టి ఇటుకల గోడలు. గోడలు మాత్రం లేవు! కొన్ని స్మారక శిలలు, అంతే.

తోళ్ల కోసం బైసన్ మందల్ని చంపే వేటగాళ్లకి ఇక్కడ దుకాణాలు ఉండేవి. ఆ మందల మీదే బతికే కొమాంచీ, కయోవా, షయాన్ తెగలకి అది నోటి దగ్గర కూడు లాక్కోవడమే. 1874 జూన్ 27 తెల్లవారుజామున క్వానా పార్కర్, ఇసటాయ్ ముందుండగా వందలమంది దాడికి దిగారు. లోపల ఉన్నది 28 మంది మగవాళ్లు, ఒక ఆడమనిషి. కానీ వాళ్ల చేతుల్లో బైసన్‌ని దూరం నుంచే పడగొట్టే రైఫిళ్లున్నాయి. దాడి నిలవలేదు. తర్వాత ఒకట్రెండు రోజులకి తూర్పు గుట్ట మీద పదిహేను మంది దాకా గుర్రాల మీద కనిపించారట. బిల్లీ డిక్సన్ అనే 23 ఏళ్ల వేటగాడు అరువు తెచ్చుకున్న షార్ప్స్ రైఫిల్ ఎత్తి పేల్చాడు. ఒకతను గుర్రం మీంచి పడ్డాడు. తర్వాత కొలిస్తే 1,538 గజాలు వచ్చిందని చెబుతారు. మన లెక్కలో 1,400 మీటర్లు. ఆ అంకె మీద వాదనలు ఇప్పటికీ ఉన్నాయి.

"గురి చూశాడు, కొట్టాడు. మరీ అంతేముంది మావా?" అన్నాడు మావాడు, ఫోన్‌ని ట్రైపాడ్‌కి బిగిస్తూ.

అంతే ఉంది. మా క్యాంపులో హవల్దార్ సాబ్ ఒక మాట చెప్పేవాడు. తూటా బయటికొచ్చిన క్షణం నుంచే కిందికి పడుతుంది, చేతిలోంచి జారిన రాయి లెక్కనే. నాకప్పుడు నమ్మబుద్ధి కాలేదు. ఎందుకంటే మేం కాల్చింది 25 మీటర్లకి. అక్కడ ఆ తూటా గొట్టం చూపే గీత కన్నా మూడు సెంటీమీటర్లే దిగుతుంది. 50 మీటర్లకి ఆరు దిగుతుందనుకుంటాం కదా. కాదు, 12. వంద మీటర్లకి అర మీటరు. దూరం రెట్టింపైతే జారుడు నాలుగు రెట్లు. పైగా గాలి తూటాని ఆపుతూ ఉంటుంది. వేగం తగ్గేకొద్దీ ప్రయాణం లేటు, లేటయ్యేకొద్దీ ఇంకా కిందికి. అందుకే చివరి వంద మీటర్లు మొదటి వంద లాంటివి కావు.

షార్ప్స్ తూటా బరువైంది, వేగం తక్కువ. 1,400 మీటర్లు పోవడానికి నా లెక్కలో సుమారు ఐదు సెకన్లు. ఆ ఐదు సెకన్లలో జారుడు వంద మీటర్లు దాటిపోతుంది. అంటే గొట్టాన్ని ఆ మనిషి వైపు కాదు, అతని తల మీద రెండు చార్మినార్లు ఒకదానిపై ఒకటి నిలబెడితే ఆ పైకొస వైపు చూపించాలి! వెనక సైట్‌లోని పలకని పైకి జరిపితే గొట్టం దానంతటదే పైకి లేస్తుంది. కంటికి మాత్రం నేరుగా చూస్తున్నట్టే ఉంటుంది.

అయినా అసలు చిక్కు అది కాదు. అంత దూరంలో తూటా ఏటవాలుగా దిగుతుంది. దూరం అంచనా 20 మీటర్లు తప్పితే చాలు, రెండు మీటర్లకి పైగా ఎత్తుకో పల్లానికో పోతుంది. 1,400లో 20! చిన్న గాలి తోలినా పక్కకి మీటర్ల లెక్కన జరుగుతుంది. అక్కడ నిలబడి ఆ గుట్టల దూరం చెప్పమంటే నేను 800 అన్నాను, వాడు రెండు కిలోమీటర్లు అన్నాడు. డిక్సన్ కూడా తన జీవితకథలో అదేదో అదృష్టం కొద్దీ తగిలిందన్నట్టే చెప్పుకున్నాడు. గొప్పలు పోయింది వెనకొచ్చినవాళ్లు.

1924లో పెట్టిన ఎర్ర గ్రానైట్ శిల మీద లోపలున్నవాళ్ల పేర్లున్నాయి. డిక్సన్ అస్థికల్ని 1929లో తెచ్చి ఇక్కడే పాతిపెట్టారు. దాడికొచ్చి చనిపోయినవాళ్ల కోసం ఇంకో శిల ఉంది, అది 1941లో పెట్టింది. మావాడు మొదటిదాని ముందు రెండు టేకులు తీసుకున్నాడు. రెండోదాని దగ్గర ఫోన్ జేబులో పెట్టేశాడు. నేనేం అనలేదు, వాడూ ఏం అనలేదు.

అప్పుడే ఇంకో లెక్క తట్టింది. 1,400 మీటర్లు రావడానికి శబ్దానికి నాలుగు సెకన్లు చాలు. తూటాకి ఐదు. అంటే ఆ గుర్రం మీదున్న మనిషికి ముందు పొగ కనిపించి ఉంటుంది, తర్వాత చప్పుడు వినిపించి ఉంటుంది. ఆ తర్వాత ఒక సెకను ఖాళీ.

మావాడికి చెప్పాను. వాడు కాసేపు గుట్టల వైపు చూసి, కారు తాళాలు తీసుకున్నాడు. మట్టిరోడ్డు మీద మీటర్‌లో 0.9 మైలు వచ్చేదాకా పోయి తిరిగి నిలబెట్టాడు. అగ్గిపెట్టె అంత కారు. లైట్లు, హారన్ ఒకేసారి కొట్టమన్నాను.

లైట్లు వెలిగాయి. లెక్క మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. నాలుగు దగ్గర గాలిలో సన్నగా హారన్. కదలకుండా నిలబడి ఇంకొక్కటి లెక్కపెట్టాను.

వాడు తిరిగొచ్చి కిటికీ దించి, "వినపడిందా మావా?" అన్నాడు.

వినపడింది అన్నాను.