బీడీ మానడానికి విదేశం నుంచి వేప్ తెప్పించుకోవచ్చా?



మళ్ళీ పొడుగాటి రాత రాస్తున్నాం, ఓపిక చేసుకోండి. మేము అంటే ఇంటావిడతో కలిపి ఇద్దరం. రాసింది ముందుగా చదివి తిట్టేది ఆమే. మా బడి చదువంతా తమిళంలో సాగింది కాబట్టి ఎక్కడైనా వాక్యం అటు వాలితే సర్దుకుని చదవండి.

ఈ పెళ్ళిళ్ళ కాలంలో పద్మనగర్‌లో, కామత్‌ఘర్‌లో ముగ్గురు మమ్మల్ని ఒకే ప్రశ్న అడిగారు. "మనవాళ్ళ పిల్లలు లండన్ నుంచి వస్తున్నారు కదా, ఒక వేప్ తెమ్మంటే తేవచ్చా? బీడీ మానాలని ఉంది." రైల్వేలో ఇన్నేళ్ళు సర్క్యులర్లు చదివినవాళ్ళం కాబట్టి మమ్మల్ని అడిగారు. ముగ్గురికీ విడివిడిగా చెప్పేకంటే ఇక్కడ రాస్తే అందరికీ పనికొస్తుంది.

ముందు చట్టం మాట. తేకూడదు. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు వచ్చింది, అదే ఏడాది డిసెంబరులో చట్టమైంది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటన, అన్నీ నిషేధమే. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్ళీ దొరికితే మూడేళ్ళ దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. సరుకు నిల్వ పెట్టుకోనిచ్చిన జాగా యజమానికి కూడా ఆరు నెలల దాకా జైలు, లేదా 50,000 దాకా జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. మన దగ్గర గోదాములు అద్దెకిచ్చేవాళ్ళు ఎక్కువ, ఇది గుర్తుంచుకోండి. ఇంకొక మాట కూడా ఆ చట్టంలో ఉంది: పూర్తి వస్తువైనా సరే, అందులో ఏ భాగమైనా సరే. అంటే "మిషన్ వద్దు, ఉత్త ట్యాంకు పట్రా" అన్నా కుదరదు. పెళ్ళికొచ్చిన పిల్లాణ్ణి విమానాశ్రయంలో ఇరికించకండి.

ఇక్కడితో ఆపేస్తే మీరు "ముసలాయన కాయిదాలు చదివాడు" అనుకుంటారు. అందుకని అసలు ఆ వస్తువేమిటో, దాంతో ఒకడు సిగరెట్టు ఎలా మానాడో కూడా చెప్తాం.

మా ఇంటావిడ తమ్ముడి కొడుకు ఒకడు ఇంగ్లండులో లెస్టర్‌లో గోదాములో పని చేస్తాడు. పన్నెండేళ్ళప్పుడే వాళ్ళ నాన్న సాంచల దగ్గర కండెలు చుట్టినవాడు, పదిహేడుకి బీడీ పట్టినవాడు. అక్కడికి పోయాక సిగరెట్లకు మారాడు, తర్వాత వేప్‌కి మారాడు. అక్కడ అది చట్టబద్ధమే. పొగతాగేవాళ్ళు దానికి మారితే హాని తగ్గుతుందని అక్కడి ప్రభుత్వ వైద్యసేవ చెప్తుంది. హాని లేదని మాత్రం అనదు, అలవాటు లేనివాళ్ళు అసలు ముట్టొద్దనే అంటుంది. వాడి పారేసే వేప్‌లను 2025 జూన్ 1 నుంచి అక్కడా నిషేధించారు. మావాడు వాడింది పారేసేది కాదు, మళ్ళీ మళ్ళీ మనమే కట్టుకునే ట్యాంకు.

వాడు వీడియో కాల్‌లో దాన్ని విప్పి చూపించినప్పుడు మా ఇంటావిడ, "ఇందులో ఏముందిరా, తీగా దూదీ!" అంది. నిజంగా అంతే. రెండు స్క్రూల మధ్య ఒక చిన్న తీగ చుట్ట. దాని మధ్యలోంచి దూరిన దూది వత్తి. చుట్టూ గాజు ట్యాంకు, అందులో ద్రవం. వత్తి ద్రవాన్ని పీలుస్తుంది, బ్యాటరీ తీగను కాలుస్తుంది, ద్రవం ఆవిరవుతుంది. దీపం కుందిలో వత్తి నూనె పీల్చినట్టే. మంట మాత్రం లేదు.

ఎంచుకునేటప్పుడు ఏం చూశావని అడిగాం. వాడు చెప్పినవి ఇవీ. ఒకే కాయిల్ పట్టేది మేలు, కట్టడం తేలిక. ద్రవం పైనుంచి పోసేదైతే చేతులు జిడ్డు కావు. గాలి సన్నగా వచ్చేదే కావాలి, ఎందుకంటే బీడీ తాగినవాడికి నోట్లోకి లాగి ఆపి మింగడం అలవాటు. గాలి బాగా వదిలేవి హుక్కాలా నేరుగా ఊపిరితిత్తుల్లోకి మేఘాలు పంపుతాయి, వాటికి మారితే మానడం పోయి కొత్త సరదా పట్టుకుంటుంది. అక్కడి చట్టం ప్రకారం ట్యాంకు 2 మిల్లీలీటర్లకు మించకూడదు, నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు మించకూడదు.

కట్టే పద్ధతి మన సాంచల మనిషికి అరగంటలో వచ్చేస్తుంది. సన్నని కాంతాల్ తీగను, అంటే ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన హీటరు తీగను, మూడు మిల్లీమీటర్ల కడ్డీ మీద ఐదారు చుట్లు చుట్టాలి. కాళ్ళు స్క్రూల కింద బిగించి, మిగిలిన తీగ దగ్గరగా కత్తిరించాలి. ఆ ముక్క లోహపు గోడకు తగిలితే షార్టే. కొంచెం కొంచెంగా వేడి చేసి చూస్తే చుట్ట మధ్యలోంచి అంచులకు సమానంగా ఎర్రబడాలి. ఒకచోటే మండితే పింగాణీ మొన పటకారుతో సర్దాలి. తర్వాత దూది. చుట్టలోంచి లాగుతుంటే కొంచెం పట్టుకోవాలి, తీగ మాత్రం వంగకూడదు. కొసలు కత్తిరించి ద్రవం వచ్చే కన్నాల మీద మెత్తగా కూర్చోబెట్టాలి. దూది ఎక్కువైతే ద్రవం అందక మాడుతుంది, తక్కువైతే కారుతుంది. వత్తి బాగా తడిసేదాకా పది నిమిషాలు ఆగి, ఆ తర్వాతే వాడాలి.

"దూది మాడితే ఎలా తెలుస్తుందిరా?" అంటే నవ్వాడు. "మామా, సాంచల్లో పెరిగినవాడికి మాడిన నూలు వాసన చెప్పాలా?"

ఆ దూది మన కార్ఖానా వేస్టు కాకూడదు, దానికి గంజీ నూనే అంటి ఉంటాయి. బ్యాటరీ లెక్క కూడా ఉంది. నిండుగా ఛార్జయిన సెల్లు 4.2 వోల్టులు. చుట్ట 1 ఓమ్ ఉంటే సూటి లెక్కలో 4.2 ఆంపియర్లు పోతాయి. 0.2 ఓమ్‌కి చుడితే 21 ఆంపియర్లు! తట్టుకోలేని సెల్లయితే ప్రమాదం. తొడుగు చిరిగిన సెల్లును తాళాల గుత్తితో కలిపి జేబులో వేసుకుంటే నిప్పే.

ఇక్కడ దొంగచాటుగా అమ్మే వాటితో అసలు భయం ద్రవమే. 2019లో అమెరికాలో వేప్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆస్పత్రి పాలయ్యారు, 68 మంది చనిపోయారు. ఎక్కువగా చాటుగా దొరికిన గంజాయి నూనె సీసాలు, వాటిలో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్ కారణమని తేల్చారు. సీసా మీద ఏం రాసి ఉందన్నది కాదు, ఎవడు నింపాడన్నది ప్రశ్న.

ఇప్పుడు అసలు సంగతి. మావాడు ఆ ట్యాంకు వల్లనే మానాడా? వాణ్ణే అడిగాం. వాడు మూడు సంగతులు చెప్పాడు. ఒకటి, నికోటిన్ మెట్లు దిగడం: 12తో మొదలుపెట్టి, 6కి, తర్వాత 3కి, చివరికి సున్నాకి. పద్నాలుగు నెలలు పట్టింది. రెండు, ఆదివారం చుట్ట చుట్టడం, వత్తి పెట్టడం చేతికి పని ఇచ్చింది. మూడు, గోదాములో పొగ తాగేవాడికీ తాగనివాడికీ ఒకే విరామం ఇస్తారు కాబట్టి విరామం కోసం వెలిగించాల్సిన పని పోయింది.

ఈ మూడింటిలో ఏదీ ట్యాంకులో లేదు, గమనించండి. మూడూ భివండీలో దొరుకుతాయి.

మెట్లు దిగడానికి మందుల షాపులో 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ ఉంది. అది మందుగా లైసెన్సు పొందినది, ఈ నిషేధం దానికి వర్తించదు. గుట్కాలాగా గబగబా నమలకూడదు. నాలుగుసార్లు నమిలి, చురుక్కుమనగానే చెంపకూ చిగురుకూ మధ్య ఆపాలి. చురుకు తగ్గాక మళ్ళీ నమలాలి. ఒకటి అరగంట వస్తుంది. అది తినే ముందు పావుగంట చాయ్ వద్దు. గుండె జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు, గుట్కాతో నోరు సరిగా తెరుచుకోనివాళ్ళు ముందు డాక్టరును అడగాలి. పొగాకు మానేవాళ్ళకు సలహా ఇచ్చే జాతీయ నంబరు 1800-11-2356, డబ్బులు పడవు.

"బీడీ దుకాణంలో వేలాడుతుంటే, దానికంటే తక్కువ హాని అంటున్నదాన్ని ఆపడం ఏం న్యాయం?" అని మమ్మల్ని అడిగిన ముగ్గురిలో ఒకతను, కామత్‌ఘర్ జాబర్, నిలదీశాడు. అతని మాటలో బలం ఉంది, కాదనం. సిరిసిల్లలో, నిజామాబాదులో, షోలాపూరులో మన ఆడవాళ్ళు తునికాకు కత్తిరించి బీడీలు చుట్టి పిల్లల్ని చదివించారు, కాబట్టి బీడీని తిట్టడం కూడా మనకు తేలిక కాదు. కాని చట్టం మారేదాకా దగ్గు ఆగదు కదా. అతనికి ముప్పై నాలుగేళ్ళు, రోజుకు ఇరవై రెండు బీడీలు. రాత్రి పాళీలో మెట్లెక్కుతూ మధ్యలో నిలబడిపోతున్నాడు.

అతను ఇంకో మాట అన్నాడు, అది మమ్మల్ని పట్టుకుంది. "చిన్నాయనా, బీడీ కోసమని పోతే సేటు ఏమీ అనడు. ఊరికే బయట నిలబడితే పని దొంగ అంటాడు." పన్నెండు గంటల పాళీ, చెవులు పగిలే చప్పుడు, మెడ మీద నూలు దుమ్ము. బయటి గాలికి టిక్కెట్టు బీడీ. బీడీ తాగనివాడికి ఆ టిక్కెట్టు లేదు. ఇలాంటి చోట పిల్లలు బీడీ నేర్చుకోక ఏం చేస్తారు?

అందుకని మా విన్నపం ఒకటి. మన సంఘంలో సాంచలున్న యజమానులు ఉన్నారు, వాటి మీద పనిచేసేవాళ్ళూ ఉన్నారు. పాళీకి రెండుసార్లు పది నిమిషాలు, బీడీ తాగినా తాగకపోయినా బయటికి పోయే విరామం ఇవ్వమని యజమాని సభ్యులను సంఘం అడగాలి. ఒక కుండలో నీళ్ళు, గిన్నెలో పుట్నాలు పెడితే చేతికి పని దొరుకుతుంది. ఖర్చు మేమూ కొంత పెడతాం.

జాబర్ ఇప్పుడు తొమ్మిది బీడీలకు దిగాడు, గమ్ నాలుగో వారం. లెక్క రోజూ రాత్రి మాకు పంపుతాడు, రైల్వే రిజిస్టరులాగా రాసి పెడుతున్నాం. మీలో ఎవరైనా తమ లెక్క కూడా రాయించుకుంటామంటే పేజీలు చాలా ఉన్నాయి. ఆదివారం పది గంటలకు సంఘం ఆఫీసులో ఉంటాం.