నాన్నగారి సైకిలు

"ఈ పాత ఇనుము ఇంకా ఎందుకండీ?" అని మా శ్రీమతి ప్రతి దీపావళికీ అడుగుతూనే ఉంటుంది. ఘాజియాబాదులోని మా క్వార్టరు మెట్ల కింద ఉన్న ఆ సైకిలు, మా నాన్నగారు 1974లో బాపట్లలో కొన్నది. కంపెనీ పేరు ఏనాడో చెరిగిపోయింది. ఉపాధ్యాయులైన ఆయన దానిపైనే పాఠశాలకు వెళ్లేవారు. సెలవురోజున నన్ను ముందు కడ్డీపై కూర్చోబెట్టుకొని సూర్యలంక సముద్రతీరానికి తీసుకువెళ్లేవారు.

గత సంవత్సరం నా మోకాళ్ల నొప్పులకు వైద్యుడు సైకిలు తొక్కమన్నాడు. మా అబ్బాయి అల్యూమినియం సైకిలు కొనిపెడతానన్నాడు. నాకు మాత్రం మెట్ల కింది సైకిలే స్ఫురించింది.

వృత్తిరీత్యా ఇంజనీరును కనుక మమకారాన్ని పక్కనపెట్టి లెక్క వేశాను. ముందు చక్రానికి 44 పళ్లు, వెనుక ఫ్రీవీలుకు 18. పెడలు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు ఐదున్నర మీటర్లు సాగుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు దాదాపు 20 కిలోమీటర్లు. వాహ్యాళికి అంతకు మించిన వేగమెందుకు? పైగా ఉక్కు, ఒక పరిమితికి లోబడిన ఒత్తిడిని ఎన్ని లక్షలసార్లు భరించినా అలసిపోదు. అల్యూమినియానికి అటువంటి నిర్దిష్టమైన పరిమితి లేదు. తుప్పు పట్టనీయకుంటే యాభై ఏళ్ల ఫ్రేమైనా పనికివస్తుంది. బరువు ఎక్కువే, కాని మా వైపు ఎక్కవలసిన కొండలేవి? ఫ్లైఓవర్లే!

చైను, టైర్లు, బేరింగులు ఝండేవాలా సైకిళ్ల బజారులో దొరికాయి. మాకు సమీపంలోని సాహిబాబాద్ అట్లాస్ కర్మాగారంలో మాత్రం 2020 జూన్ 3న ఉత్పత్తి నిలిచిపోయింది. అది ప్రపంచ సైకిలు దినోత్సవం! 1951లో సోనీపత్‌లో ఆరంభమైన సంస్థ అది. కర్మాగారాల్లో జీవితాలు గడిపిన మనకు, మూసిన గేటు ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

నా లెక్కలో విస్మరించినది బ్రేకు. ఆగస్టులో వాన వెలిసిన ఒక ఉదయం ఫ్లైఓవరు దిగుతుండగా, కడ్డీ బ్రేకులు ఎంత బిగించినా బండి ఆగలేదు. క్రోమియం పూత ఉన్న ఉక్కు రిమ్ము తడిస్తే రబ్బరుకు పట్టు చిక్కదు. ఆ సంగతి తెలిసీ బయలుదేరడం నా అవివేకమే. అడ్డువచ్చిన పాలక్యాన్ల బండిని తప్పించి, కాలు నేలకు రాస్తూ ఆగాను. పాదం వారం రోజులు వాచింది. మా అబ్బాయి ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధించింది.

వానాకాలానికి వాడు కొన్న సైకిలే తీస్తున్నాను. నవంబరు పొగలో ఏదీ తీయను. తక్కిన ఆదివారాల్లో, తెల్లవారుజామున, సమతలమైన దారుల్లో నాన్నగారి సైకిలు. ఆఫీసుకు వెళ్లడానికి మాత్రం ఇటువంటిది ఎవరికీ సిఫారసు చేయను.

మొన్న బ్రేకు రబ్బర్లు మారుస్తుంటే మా శ్రీమతి వచ్చి చక్రం పట్టుకుంది.

"మామయ్యగారు దీనికి వేసే నూనెను కొబ్బరిచిప్పలో పోసి ఉంచేవారు కదండీ," అంది.