ఎరుపు, నలుపు

నాన్న వదిలివెళ్లిన పాత అంబాసిడర్‌లో పాయింట్లు తీయించి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించాను. మొన్న కాయిల్ మార్చాక బండి స్టార్ట్ కాలేదు. యూనిట్ మాడిపోయిందట. "మేడమ్ స్విచ్ ఆన్‌లో వదిలేసుంటారు" అన్నాడు మెకానిక్, నాతో కాదు, తమ్ముడితో. అలా వదిలినా కొన్ని యూనిట్లు కాలిపోతాయి. నిజమేనేమో అని తలదించుకున్నాను.

రాత్రి యూనిట్‌తో వచ్చిన కాగితం తీసి చదివాను. ఎర్ర వైరు కాయిల్ ప్లస్‌కి, నల్లది మైనస్‌కి. బానెట్ ఎత్తి చూస్తే రెండూ తారుమారు! పాయింట్లున్న రోజుల్లో కాయిల్ వైర్లు అటూ ఇటూ అయినా స్పార్క్ బలహీనపడి ఇంజను నడిచేది. ఎలక్ట్రానిక్ యూనిట్ ఆ తప్పును క్షణం కూడా భరించదు.

మర్నాడు చూపిస్తే తమ్ముడికే సారీ చెప్పాడు. అది సరే. ఇన్నేళ్లు సాహిత్యంలో స్త్రీల అపరాధభావం గురించి రాసిన నేను, రెండు వైర్లు చూడకముందే నేరం ఎందుకు ఒప్పుకున్నాను?