ప్రతులకు

డి.టి.పి. చేసే అబ్బాయి చివరి ఫారం ప్రూఫు నా ముందు పెట్టి, "అంతా అయిపోయింది మేడమ్. ప్రతులకు కింద ఏం పెట్టమంటారు?" అని అడిగాడు. ఆ నవల రాయడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. అంకితం ఎవరికి, ధర ఎంత, ముఖచిత్రం ఎవరితో వేయించాలి, అన్నీ ఆలోచించుకున్నాను. ఆ ఒక్క లైను గురించి మాత్రం ఆలోచించలేదు. రేపు చెప్తానని ఇంటికి వచ్చేశాను.

తెలుగులో పుస్తకం వేసుకున్న వాళ్ళందరికీ ఆ లైను తెలుసు. మనలో చాలామందిమి సొంత డబ్బుతోనే పుస్తకాలు వేసుకుంటాం. లోపలి పేజీలో 'ప్రతులకు' అని పెట్టి పేరు, ఇంటి నంబరు, వీధి, ఫోను నంబరు ఇస్తాం. దాని కింద విశాలాంధ్ర, నవోదయ లాంటి దుకాణాల పేర్లు ఉంటాయి. నిజానికి చట్టం ఇంత అడగలేదు. ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు, ఊరు ఉంటే చాలన్నది 1867 నాటి చట్టం. దాని స్థానంలో 2024 మార్చి 1 నుంచి అమలైన కొత్త చట్టం పత్రికలకే పరిమితం. ఇంటి నంబరు మనం అలవాటుగా ఇస్తున్నదే. చదివినవాళ్ళు నేరుగా మనకే రాస్తారన్న ఆశ ఆ అలవాటులో ఉంది.

నా పరిశోధన 1960, 70లలోని రచయిత్రుల నవలల మీద. మగవాళ్ళు కొందరు ఆడపేర్లు పెట్టుకుని రాసేంత గిరాకీ ఉన్న కాలం అది. అయినా నేను తిరగేసిన సొంత ప్రచురణల్లో కొన్నింటి మీద రచయిత్రి పేరు కింద 'కేరాఫ్' అని భర్త పేరు, ఆయన డిగ్రీ ఉండేవి. వస్తువు గురించీ శిల్పం గురించీ వందల పేజీలు రాసిన నేను ఆ 'కేరాఫ్' గురించి థీసిస్‌లో ఒక్క వాక్యం రాయలేదు. రంగనాయకమ్మగారు స్వీట్ హోం పబ్లికేషన్స్ పేరుతో తన పుస్తకాలు తనే తక్కువ ధరకు వేసుకున్నారని తెలుసు. అదొక ఆర్థిక నిర్ణయమనుకున్నాను. చిరునామా కూడా ఒక నిర్ణయమేనని నా పుస్తకం దగ్గరికి వచ్చాకే అర్థమైంది.

ఒక పెద్ద రచయిత్రిని అడిగాను. "మా ఆయన నంబరు ఇచ్చానే అమ్మాయ్. రాత్రిపూట పిచ్చి ఫోన్లు రాకుండా ఉంటాయని. రాలేదు. మంచి ఫోన్లు కూడా నాదాకా రాలేదు. ఎవరో నీ కథ బావుందన్నారు అని చెప్పేవారు. ఎవరో, ఏ ఊరో అడిగేవారు కాదు" అన్నారు. ఆవిడ నవ్వుతూనే చెప్పారు. నాకు నవ్వు రాలేదు.

నేనూ అమ్మా అద్దె ఇంట్లో ఉంటాం. పదకొండు నెలల అగ్రిమెంటు. నవలేమో భర్త నుంచి విడిగా వచ్చి, ఒక గది అద్దెకు తీసుకున్న లెక్చరర్ కథ. ఆ కథ మీద మా ఇంటి నంబరు అచ్చేస్తే చదివేవాళ్ళు ఏమనుకుంటారో ఊహించడం కష్టం కాదు. అందుకే ఆన్‌లైన్లో అమ్ముదామనుకున్నాను. చిరునామా బెడద ఉండదు, పంపిణీదారు అడిగిన 40 శాతం కమిషనూ మిగులుతుందని లెక్కవేసుకున్నాను. చీటీ పాడిన డబ్బుతో 500 కాపీలు వేయించాను. ఐ.ఎస్.బి.ఎన్. నంబరు రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది, ఇచ్చింది. 'ప్రతులకు' కింద ఒక వెబ్ చిరునామా మాత్రం పెట్టమన్నాను.

ఇ-బుక్ వేస్తే పోయేది కదా అన్న స్నేహితులున్నారు. 2016 డిసెంబరులో కిండిల్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు ఆ జాబితాలో తెలుగు లేదు. అంతకుముందే, 2010లో, కినిగె మన భాషకు ఆ దారి వేసింది. కానీ నా పాఠకులు ఎక్కువమంది కాగితం మీద చదివేవాళ్ళే.

అమ్మకందారుగా నమోదు కావడానికి పాన్ నంబరు, బ్యాంకు ఖాతా, పార్సిల్ తీసుకువెళ్ళే చోటు అడిగారు. అచ్చు పుస్తకాల మీద జి.ఎస్.టి. లేదు కాబట్టి ఆ బాధ తప్పింది. పుస్తకం ఆన్‌లైన్లో కనిపించిన రోజు అమ్మకు చూపిస్తూ, అమ్మకందారు పేరు మీద వేలు పెట్టాను. మా ఇంటి నంబరు, వీధి, పిన్‌కోడుతో సహా తెర మీదికి వచ్చింది. 2020 నాటి ఇ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మేవాళ్ళ చిరునామా కొనేవాళ్ళకు కనిపించాలి. మోసపోయిన కొనుగోలుదారుకు పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలని పెట్టిన నియమం. సబబైనదే. కాకపోతే ఆ నియమం అమ్మేవాళ్ళను దుకాణంగా ఊహించుకుంది. అమ్మేది ఇంట్లో ఉండే ఆడమనిషి కావచ్చని అనుకోలేదు.

రెండో నెలలో రాత్రి పదిన్నరకు ఒక ఫోను. "ఆ నవల్లో ఆవిడ మీరేనా?" ఇంకోరోజు ఒక పెద్దాయన పుస్తకం పట్టుకుని నేరుగా గుమ్మంలోకి వచ్చాడు. పాపం, సంతకం కోసమే. "అడ్రసు ఉంది కదమ్మా, వచ్చాను" అన్నాడు. అమ్మ టీ ఇచ్చింది. ఆ వారంలోనే ఇంటి ఓనరు, "ఏంటమ్మా, రోజూ ఎవరెవరో కుర్రాళ్ళు వస్తున్నారు? ఆడవాళ్ళుండే ఇల్లు కదా" అన్నాడు. వచ్చేది పార్సిళ్ళు తీసుకెళ్ళే కొరియర్ అబ్బాయిలు. నా నవల్లో ఓనరు దాదాపు ఇదే మాట అంటాడు. రాసినప్పుడు కాస్త ఎక్కువ చేశానేమో అనుకున్నాను. వచ్చే అగ్రిమెంటు గుర్తొచ్చి ఆ రాత్రి నిద్రపట్టలేదు.

ఆ పేజీలోంచి నా పేరు తీసేయాలని నిశ్చయించుకుని, అప్పటిదాకా వచ్చిన ఆర్డర్ల జాబితా ముందేసుకున్నాను. 143 కాపీలు. అందులో 61 ఆడవాళ్ళ పేర్లు. వాళ్ళ చిరునామాలు చదువుతుంటే ఆగిపోయాను. ఒకామె కేరాఫ్ స్టాఫ్ రూం. ఒకామె కేరాఫ్ బ్యాంకు. ఒకామె కేరాఫ్ కిరాణా కొట్టు. సగం మంది ఇంటి చిరునామా ఇవ్వలేదు. ఒక జిల్లా పరిషత్ హైస్కూలు టీచరు విడిగా మెసేజీ పెట్టింది: "కవరు మీద పుస్తకం పేరు రాయకండి మేడమ్." పగలు ఇంట్లో ఉండరు కాబట్టి కొందరు అలా ఇచ్చి ఉండొచ్చు. అందరూ అందుకే కాదని ఆ మెసేజీ చెబుతోంది. నేను దాచుకుంటున్నది అమ్మే చిరునామా, వాళ్ళు దాచుకుంటున్నది చదివే చిరునామా.

ఇప్పుడు మిగిలిన కాపీలను ఒక ఆన్‌లైన్ పుస్తకాల దుకాణానికి ఇచ్చేశాను. వాళ్ళ చిరునామా, వాళ్ళ గోడౌను, వాళ్ళ కమిషను. 200 రూపాయల పుస్తకంలో 80 వాళ్ళకు. ఈసారి దాన్ని నష్టం కింద రాసుకోలేదు. అద్దె కింద రాసుకున్నాను. కానీ కొన్నవాళ్ళ పేర్లు నాకు కనబడవు. ఆ పెద్ద రచయిత్రి పోగొట్టుకున్నదే నేనూ పోగొట్టుకుంటున్నాను, ఈసారి మధ్యలో భర్త లేడు, అంతే.

అందుకని 50 కాపీలు నా దగ్గరే ఉంచుకున్నాను. మరో ఇద్దరు రచయిత్రులతో కలిసి మా ముగ్గురి పుస్తకాల కోసం ఒక సిమ్ కార్డు, ఒక ఇ-మెయిలు తీసుకున్నాం. వంతులవారీగా ఫోను దగ్గర ఉంచుకుంటాం. రాత్రి ఎనిమిదికి ఆపేస్తాం. 2024 డిసెంబరులో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఆపేసినప్పుడు పంపడం భారమైంది. 2025 మేలో మొదలైన జ్ఞాన్ పోస్టులో 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పైన పన్ను. మా పుస్తకాలు ఆ తూకానికి అటూ ఇటూగా ఉంటాయి.

రెండో ముద్రణ పనిమీద వెళ్తే డి.టి.పి. అబ్బాయి మళ్ళీ అదే అడిగాడు. ప్రచురణ పేరు, ఫోను, ఇ-మెయిలు, హైదరాబాద్. అంతే పెట్టమన్నాను. "ఇంటి నంబరు మేడమ్?" అన్నాడు. అక్కర్లేదన్నాను.

మొన్న ఆ హైస్కూలు టీచరు ఇంకో రెండు కాపీలు అడిగింది. ఇద్దరు తోటి టీచర్ల కోసం. ముగ్గురిదీ అదే చిరునామా, కేరాఫ్ స్టాఫ్ రూం. కవరు మీద పుస్తకం పేరు రాయకుండానే పంపాను.